గ్రీష్మతాపము - జనరేటరు



శంషాబాదు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నది. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము ఆరంభమైనది. ఈ చుట్టుపట్ల ఆసుపత్రులు, వసతిగృహములు, పెండ్లిమంటపములు, కోళ్ళఫారములు కలవు. కరెంటు పోయినప్పుడు వీనిలో పెక్కింటికి డీజిలు జనరేటరే దిక్కు.

ఎండ 40 డిగ్రీలు దాటిననాడే పంకాలకును శీతల యంత్రములకును కరెంటు అధికముగా కావలయును. ఆనాడే జనరేటరు సత్తువయు తగ్గును. ఖర్చు పెరిగిననాడే జమ తగ్గిన సంసారమువంటిది దాని స్థితి.

కారణములు మూడు. మొదటిది గాలి. డీజిలు మండుటకు ప్రాణవాయువు వలయును. వేడెక్కిన గాలి పలుచబడును. 25 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి నూటికి సుమారు 6 వంతులు తేలిక. ఎత్తు కారణమున ఇచ్చటి గాలియొత్తిడి సముద్రతీరముకంటె నూటికి సుమారు 7 వంతులు తక్కువ. టర్బోఛార్జరు గల ఇంజను ఈ లోటును కొంత పూడ్చుకొనును; అదియు ఒక హద్దువరకే.

రెండవది చల్లదనము. రేడియేటరు నీటివేడిని గాలికి అప్పగించును. గాలియే వేడిగా నున్నచో ఆ భారమును మోయజాలదు. నీరు మితిమీరి కాగినచో, ఇంజను చెడకుండ రక్షణసాధనము దానిని నిలిపివేయును.

మూడవది ఆల్టర్నేటరు. రాగిచుట్లు వేడెక్కినకొలది నిరోధము పెరుగును; నష్టము మరల వేడిగా మారును. మితికి మించిన ప్రతి 10 డిగ్రీలకును చుట్లపై ఇన్సులేషను ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క. బ్యాటరీయు వేడిమిలో త్వరగా చెడును. అది లేనిదే యంత్రము మేలుకొనదు.

చప్పుడు వినరాదని తలుపులు మూసినచో, రేడియేటరు వదలిన వేడిగాలియే మరల దానిలోనికి పోవును. కనుక చల్లనిగాలి ఒక వైపున రావలయును. వేడిగాలియు పొగయు వేరువేరు గొట్టములద్వారా దూరముగా వెలుపలికి పోవలయును. రేడియేటరు దుమ్ము దులుపుట, బెల్టు, బ్యాటరీ చూచుట ఉగాదికి ముందే జరుగవలయును. ఉదయపుచల్లదనమున వట్టిగా నడిపిన అది పరీక్ష కాదు. మధ్యాహ్నపుటెండలో నిజమైన భారము మోపి చూడవలయును.

భారము మోయలేనినాడు దేనిని ముందు ఆపవలయునో ముందే వ్రాసి గోడకు తగిలింపవలయును. అలంకారపు దీపములు ఆరినను నష్టములేదు. మూసిన షెడ్డులో పంకాలు నిలిచిన కొద్దిసేపటికే కోళ్ళు చచ్చును. ఆసుపత్రిలో రోగి సంగతి చెప్పనేల?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినవానికి నీరందదు. మే నెలకు వలసిన జాగ్రత్త మార్చిలోనే తీసికొనుట వివేకము.