దరఖాస్తుకు ముందు కాగితాలు



మన సుబేదారి పేరులోనే పాత సుబేదార్ల కొలువు ఉంది. పాత మసీదులు, ఖబరస్తాన్లు బాగుచేయాలంటే "సర్కారు పైసలియ్యదు" అనుకుంటాం. కాని 2015లో కేంద్రం పెట్టిన హృదయ్ పథకానికి దేశమంతటా 12 నగరాలనే ఎంచుకున్నారు, అందులో వరంగల్ ఒకటి. 2019 మార్చితో అది ముగిసింది. మళ్ళీ అటువంటిది వచ్చిననాడు కాగితాలు వెతుక్కుంటూ ఉంటే గడువు ఆగదు.

ముందు కట్టడం ఎవరిదో తేల్చుకోవాలి. కోటలోని ఖుష్ మహల్ వంటి రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖే చూడాలి, మనం రాయి కూడా కదపరాదు. వక్ఫ్ ఆస్తి అయితే ముతవల్లీ గాని, కమిటీ గాని వక్ఫ్ బోర్డు ద్వారా నడవాలి. గెజెట్ నకలు, మున్తఖబ్, సర్వే నంబరు, నక్షా, ఫోటోలు, ఇంజనీరు అంచనా ఒక్క ఫైలులో ఉండాలి. 2025 సవరణ తర్వాత ఉమీద్ పోర్టల్ నమోదు కాగితం కూడా చేర్చాలి. అందాక గోడమీది ఫార్సీ శాసనాలపై సున్నం కొట్టకండి; అవీ సాక్ష్యాలే.

మున్తఖబ్ ఏ పెద్దాయన సందూకులో ఉందో! ఆయన పోతే దాని జాడ చెప్పేవారుండరు. ఈ ఏడాది ప్రతి ఇంటా సందూకు తెరిచి చూడాలని మా మనవి.

ఖుదా హాఫిజ్.