నౌకానిర్మాణము - మన తీరము



పూర్వము మన తీరమున పలకలను కొబ్బరినార త్రాళ్లతో కుట్టిన పడవలుండెడివి. మేకులు లేకపోవుటచే అవి అలతాకిడికి వంగునే గాని పగిలెడివి కావు.

1941 జూన్ 21న విశాఖపట్టణమున సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. మరుసటి యేప్రిల్‌లో ఆ పట్టణముపై జపానువారి బాంబులు పడెను. అయినను పూనిన కార్యము విడువబడలేదు. 1948 మార్చి 14న ఎనిమిదివేల టన్నుల ‘జల ఉష’ను నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి.

2023లో మన మూలపేటయందును రేవునకు శంకుస్థాపన జరిగినది. రేవొక్కటియే చాలునా? ఉద్దానపు బిడ్డలు వేటకై గుజరాతునకు వలసపోవుచున్నారు. వారికి ఓడకట్టు విద్యను నేర్పింపుడు. నారతో పడవను కుట్టినవారి మనుమలు ఇనుపనావను కట్టలేరా?