ఎల్లుండికి ఒక క్రియ



పని వాయిదా వేయడాన్ని ఇంగ్లీషులో 'ప్రొక్రాస్టినేట్' అంటారని చాలామందికి తెలుసు. లాటిన్‌లో 'క్రాస్' అంటే రేపు. పనిని రేపటికి నెట్టడమన్న మాట. ఈ మాటకొక అన్నగారున్నాడు. ఆయన్ని ఎక్కువమంది ఎరుగరు. పేరు 'పెరెండినేట్'. లాటిన్‌లో 'పెరెండియే' అంటే ఎల్లుండి. చివరనున్న 'దియే' రోజు అనే మాటే. మన 'దివసం' దానికి దూరపు చుట్టం. పనిని ఏకంగా ఎల్లుండికి తోసేయడమే పెరెండినేట్ చేయడం.

మధ్యయుగపు లాటిన్‌లో ఇదే మాటకు ఒకచోట మకాం పెట్టడమనే అర్థం కూడా వచ్చింది. 'ఎల్లుండి బయల్దేరతా'నంటూ నెల గడిపే చుట్టాన్ని తలచుకుంటే మనకది వింతగా తోచదు!

ఇంగ్లీషువాళ్లకు ఒకప్పుడు ఎల్లుండికి 'ఓవర్‌మారో' అని మాట ఉండేది. వాడుకలో పోగొట్టుకున్నారు. మనకు ఎల్లుండీ ఉంది, ఆవలెల్లుండీ ఉంది. అదే వచ్చిన చిక్కు.

రేపంటే తెల్లారగానే ఎదుటివాళ్లు అడుగుతారు. ఎల్లుండంటే ఎవరూ అడగరు. ఈ కిటుకు నాకు బాగా తెలుసు. తన పేరు రాయడం నేర్పమని మా అత్తగారు అడిగినప్పుడు, "పండగ పనులు కానివ్వండి అత్తయ్యా, ఎల్లుండి మొదలెడదాం" అన్నాను. "అలాగే అమ్మా" అన్నారావిడ. మూడేళ్లు గడిచాయి.

ఒకనాడు పింఛను కాగితం మీద వేలిముద్ర వేయించి ఇంటికి తీసుకొస్తున్నాను. సిరా వేలిని కొంగుకి తుడుచుకుంటూ, "నువ్వు చెప్పిన ఎల్లుండి ఇంకా రాలేదు కదమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే పలక కొన్నాను. అప్పటికే ఆవిడ కళ్లకు శుక్లాలు కమ్మాయి. అక్షరాన్ని అరచెయ్యంత రాసి దిద్దించవలసి వచ్చింది. పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు. పదకొండు రోజులు పట్టింది. మూడేళ్లలో ఆ పదకొండు రోజులు నాకు దొరకలేదు చూడండి!

మీరూ ఇంట్లో ఎవరికో ఎల్లుండి చెప్పే ఉంటారు. ఈ రోజే చేయలేకపోతే, కనీసం రేపని చెప్పండి. వాళ్లు మళ్లీ అడగడానికైనా వీలుంటుంది.

సెలవు.