మగ్గం నిలబడితేనే సీమ నిలబడుతుంది



ప్రత్యేక రాయలసీమ అంటే ఒక్క నీళ్ల కొట్లాటేనా? ధర్మవరం వీధుల్లో నడిచి చూడండి. చేను ఎండిన ఏడాది కూడా మగ్గమే కూడు పెట్టింది. ఒకరు రంగు అద్దితే, ఒకరు పోగులు అతికితే, ఇంకొకరు నేస్తారు. ఒక్క పట్టుచీర వెనక వీధంతా బతుకుతుంది.

దగ్గర్లోనే నిమ్మలకుంట. సినిమా, టీవీ వచ్చి తోలుబొమ్మలాటకు పిలిచేవాళ్లు తగ్గినా కళాకారులు చేతులు ముడుచుకోలేదు. అదే మేకతోలు మీద బొమ్మలు గీసి ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముకున్నారు. 2020లో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. పేరు వచ్చింది, గిట్టుబాటు రాలేదు. నేతన్న బిడ్డలు బెంగుళూరు బస్సెక్కుతున్నారు.

1937 శ్రీబాగ్ ఒడంబడిక నదీజలాల్లో సీమకే ముందు పాలు అంది. కాగితమే మిగిలింది. మనం అడిగేది దానం కాదు. నీళ్ల మీద, ముడిపట్టు మీద, అప్పు మీద, అంగడి మీద నిర్ణయం మన చేతికి రావాలి.

అందాకా ఊరకుండొద్దు. ఇంట్లో పెళ్లికి చీర నేతన్న దగ్గరే కొందాం. ఊరి జాతరలో ఒక్క రాత్రి బొమ్మలాట ఆడిద్దాం. రాష్ట్రం వచ్చేనాటికి కళ బతికుండాలి గదా!

జై రాయలసీమ!