కార్డు కన్నా ముందు: దక్షిణ, ఆగ్నేయాసియాలో అందరికీ వైద్యం

1. కొలత

సార్వత్రిక ఆరోగ్య రక్షణను మూడు ప్రశ్నలతో కొలుస్తారు. జనాభాలో ఎంతమందికి వైద్యం అందుతోంది? ఏయే జబ్బులకు అందుతోంది? ఖర్చులో రోగి చేతినుంచి ఎంత పోతోంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నాటి నివేదికలో ఈ మూడింటినీ ఒక ఘనపు మూడు కొలతలుగా చూపింది. ఒక్క కొలతే పెరిగి మిగిలిన రెండూ కుంచించుకుపోతే రక్షణ పెరిగినట్టు కాదు. దేశంలో ప్రతి ఒక్కరి దగ్గరా కార్డు ఉండి, ఆ కార్డుకు నెలనెలా వాడే మందులు రాకపోతే మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు దొరికినట్టు.

ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.8వది దీనికి సంబంధించినదే. అందులో రెండు సూచికలున్నాయి. మొదటిది సేవల సూచిక. టీకాలు, గర్భిణుల పరీక్షలు, క్షయ చికిత్స, బీపీ, షుగరు అదుపు, వైద్య సిబ్బంది సంఖ్య వంటివాటిని కలిపి నూటికి మార్కులు వేస్తుంది. రెండోది ఖర్చు సూచిక. ఇంటి ఖర్చులో పది శాతానికి మించి వైద్యానికే పోతున్న కుటుంబాలెన్నో 2023 నాటికి లెక్కించేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రపంచ సేవల సూచిక 2000లో 45 ఉండగా 2021 నాటికి 68కి చేరింది. అయితే 2015 తర్వాత వేగం బాగా తగ్గింది. భారత్, ఇండోనేషియా, థాయ్‌లాండ్, శ్రీలంక, నేపాల్ తదితర దేశాలు అప్పట్లో ఉన్న ఆ సంస్థ ఆగ్నేయాసియా విభాగం 62 దగ్గర ఉంది. సేవలు పెరిగాయి కానీ, వాటికోసం సొంత డబ్బు ఖర్చు పెట్టుకునే బాధ అంతగా తగ్గలేదు.

2. శ్రీలంక: ఊళ్లో మంత్రసాని, ఉచిత ఆసుపత్రి

ఈ ప్రాంతంలో అందరికన్నా ముందు నడిచింది శ్రీలంక. 1926లో కలుతర వద్ద మొదటి ఆరోగ్య యూనిట్ వెలిసింది. నిర్ణీత ప్రాంతానికి ఒక వైద్యాధికారి, ఆయన కింద ఇంటింటికీ తిరిగే శిక్షణ పొందిన మంత్రసానులు ఉండేవారు. 1931లో వయోజనులందరికీ ఓటు హక్కు రావడంతో ఊరి ఆసుపత్రి ఎన్నికల విషయమైంది. 1934-35 మలేరియా మహమ్మారి దాదాపు 80 వేలమందిని పొట్టన పెట్టుకున్నాక పల్లెల్లో ఆసుపత్రులు వేగంగా పెరిగాయి. 1951లో ప్రభుత్వాసుపత్రుల్లో ఫీజులు ఎత్తేశారు. 1930ల్లో లక్ష కాన్పులకు రెండు వేలకు పైగా ఉన్న తల్లుల మరణాలు ఇప్పుడు 30 దరిదాపుల్లో ఉన్నాయి. 2016లో దేశం మలేరియా రహితమైనట్టు ధ్రువీకరణ పొందింది. ఇంత చేసినా శ్రీలంక దేశవ్యాప్త బీమా కార్డు మీద ఆధారపడలేదు. పన్నుల డబ్బుతో నడిచే ఆసుపత్రే అక్కడి బీమా.

లోటు మరోచోట ఉంది. ప్రసవాలకు, అంటురోగాలకు తగ్గట్టు తీర్చిదిద్దిన ఈ వ్యవస్థకు షుగరు, బీపీ, గుండెజబ్బులు కొత్త బరువు. రోజూ మందులు వాడాల్సినవాళ్లు ఓపీ క్యూలు తప్పించుకోవడానికి ప్రైవేటు డాక్టరు దగ్గరికి, మందుల షాపుకి వెళ్తున్నారు. 2022 ఆర్థిక సంక్షోభంలో విదేశీ మారకం కరవై ప్రభుత్వాసుపత్రుల్లోనే మందులు నిండుకున్నాయి. ఉచిత వైద్యానికి డాక్టరు ఎంత అవసరమో మందుల గోదాము కూడా అంతే అవసరమని ఆ సంక్షోభం రుజువు చేసింది.

3. థాయ్‌లాండ్: 30 బాత్‌ల వెనుక ముప్పై ఏళ్లు

థాయ్‌లాండ్ పేరు చెప్పగానే, వైద్యానికి వెళ్లిన ప్రతిసారీ నామమాత్రపు రుసుము తీసుకున్న 30 బాత్‌ల పథకం గుర్తుకొస్తుంది. 2001లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2002 నాటికి దేశమంతా అమలైంది; అదే ఏడాది జాతీయ ఆరోగ్య భద్రతా చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. ప్రభుత్వోద్యోగుల పథకం, సామాజిక భద్రతా పథకం వర్తించని వాళ్లందరూ దీని కిందికి వచ్చారు. నేడు జనాభాలో సుమారు నాలుగింట మూడొంతుల మంది దీని సభ్యులే. ప్రీమియం లేదు, డబ్బు పన్నుల నుంచే వస్తుంది.

పథకం నిలబడటానికి కారణం అంతకు ముందే జరిగిన పని. 1972 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలల పట్టభద్రులు గ్రామీణ సేవ చేయడం తప్పనిసరి. 1980ల్లో పట్టణాల్లోని పెద్దాసుపత్రుల విస్తరణ ఆపి, ఆ నిధులను జిల్లా ఆసుపత్రులకు మళ్లించారు. పల్లెల్లో వైద్యం చేసిన డాక్టర్ సంగువన్ నిత్యారంపోంగ్ ఈ పథకానికి రూపశిల్పి.

డబ్బు చెల్లించే పద్ధతి కూడా అంతే ముఖ్యం. ఓపీ వైద్యానికి నమోదైన మనిషికి ఇంత అని ఏడాదికి తలసరి చెల్లిస్తారు. ఎన్నిసార్లు పరీక్షలు రాసినా ఆసుపత్రికి అదనంగా రాదు. ఇన్‌పేషెంటుకు జబ్బును బట్టి ధర కట్టి, మొత్తం బడ్జెట్‌కు ముందే హద్దు గీస్తారు. అనవసరమైన ఆపరేషన్ చేస్తే ఎక్కువ మిగిలే దారి దీంతో చాలావరకు మూసుకుపోయింది.

కిడ్నీ వైద్యంలో ఈ క్రమశిక్షణను దగ్గరగా చూడవచ్చు. ఖర్చు భయంతో డయాలసిస్‌ను మొదట పథకంలో చేర్చలేదు. 2008లో చేర్చినప్పుడు ముందుగా పొట్టలో సన్నని గొట్టం అమర్చే పెరిటోనియల్ డయాలసిస్‌నే ఎంచుకున్నారు. రోగి రోజుకు కొన్నిసార్లు ఇంట్లోనే ద్రావణం నింపి, తీసేస్తాడు. యంత్రాలున్న పట్టణానికి వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం అక్కర్లేదు. ద్రావణాన్ని ప్రభుత్వం టోకున కొని ధర తగ్గించింది. 2022లో యంత్రం మీద చేసే డయాలసిస్‌ను కూడా రోగి కోరుకోవచ్చన్నారు. దాంతో ఏది ఎంతమందికి, ఎంత ఖర్చుతో అన్న చర్చ మళ్లీ మొదలైంది. అందరికీ అన్నప్పుడు ఆ చర్చ ఏనాటికీ ముగియదు.

4. ఇండోనేషియా: పదిహేడు వేల దీవులు, ఒకే బీమా

ఇండోనేషియా బీమా దారి ఎంచుకుంది. 2004 చట్టం పునాది వేయగా, 2014 జనవరి 1న జాతీయ ఆరోగ్య బీమా మొదలైంది. పేదల తరఫున ప్రభుత్వం, ఉద్యోగుల తరఫున యజమాని, ఉద్యోగి కలిసి చందా కడతారు. పదేళ్లు తిరిగేసరికి సభ్యత్వం జనాభాలో 90 శాతం దాటింది.

చిక్కు మధ్యవాళ్ల దగ్గర వచ్చింది. పేదలూ కాని, జీతగాళ్లూ కాని చిన్న వ్యాపారులు, కూలీలు జబ్బు చేసినప్పుడు చేరి, తగ్గాక చందా మానేశారు. బీమా సంస్థ ఏళ్ల తరబడి లోటులో నడిచింది. 2020లో చందా పెంపును సుప్రీంకోర్టు కొట్టేయగా, ప్రభుత్వం మరో ఉత్తర్వుతో మళ్లీ పెంచింది. జావాలో ఉన్నంత మంది స్పెషలిస్టులు తూర్పున పాపువా, మలుకు దీవుల్లో లేరు. అదే సభ్యత్వంతో తూర్పు దీవులవాడికన్నా జావావాడికే ఎక్కువ వైద్యం అందుతోంది.

5. చిన్న దేశాలు, వేర్వేరు మార్గాలు

భూటాన్ 2008 రాజ్యాంగంలోనే ఆధునిక, సంప్రదాయ వైద్యాలు రెండింటిలోనూ ప్రాథమిక ఆరోగ్య సేవలు ఉచితమని రాసుకుంది. మాల్దీవులు 2012లో ఆసంధా పేరుతో పౌరులందరికీ పథకం పెట్టింది. నేపాల్‌లో 1988లో మొదలైన వ్యవస్థలోని మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికలు కొండపల్లెల్లో విటమిన్-ఎ క్యాప్సూళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతున్నారు. బంగ్లాదేశ్ సుమారు ఆరువేల జనాభాకొకటిగా కమ్యూనిటీ క్లినిక్కులు పెట్టింది, శిశుమరణాలను కూడా బాగా తగ్గించింది. అయినా ఆ దేశపు వైద్య ఖర్చులో మూడింట రెండొంతులు పైబడి ప్రజల చేతినుంచే పోతోంది. ప్రాణం నిలబడటం, అప్పులపాలు కాకుండా ఉండటం రెండు వేర్వేరు విజయాలు.

6. భారత్, తెలుగు రాష్ట్రాలు

దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో, డబ్బు కట్టలేడని ఏ మనిషికీ వైద్యం ఆగకూడదని చెప్పింది. ఆ మాటకు తగ్గ ఖర్చు మాత్రం జరగలేదు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.84 శాతం. 2017 జాతీయ విధానం పెట్టుకున్న లక్ష్యం 2.5. అదే లెక్కల్లో దేశపు మొత్తం వైద్య ఖర్చులో ప్రజల జేబు ఖర్చు 39.4 శాతం. 2013-14లో అది 64.2 ఉండేది కనుక తగ్గుదల చిన్నదేమీ కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబానికి గుండె, క్యాన్సర్, కిడ్నీ, మెదడు వంటి పెద్ద చికిత్సలు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో నగదు లేకుండా దొరికాయి. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర నిలబడి కాగితాలు చూసే ఏర్పాటు ఒక కొత్త పద్ధతి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఐదు లక్షల హద్దుతో దాదాపు అదే తరహాలో సాగింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన ఆరోగ్యశ్రీ హద్దును పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ ఇరవై ఐదు లక్షలకు పెంచాయి.

ఈ పథకాలు పల్లె కుటుంబాలను పెద్ద ఆపరేషన్ల అప్పుల నుంచి కాపాడాయి. కానీ ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి. నెలకు బీపీ మాత్రలు ముప్పై, షుగరు మాత్రలు అరవై, ఏడాదికి రెండు మూడు రక్తపరీక్షలు, అన్నీ ఓపీ లెక్కే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఆ మాత్ర లేనప్పుడు రోగి మెడికల్ షాపుకి వెళ్తాడు. చేతిలో డబ్బు లేనినాడు మానేస్తాడు. కొన్నేళ్లకు పక్షవాతమో, కిడ్నీ వైఫల్యమో వచ్చాక అదే మనిషి కార్డు పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రికి వస్తాడు. అప్పుడు ప్రభుత్వం లక్షలు కడుతుంది. తమిళనాడు 1994లో ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి మందులను కలిపి కొని, జిల్లా గోదాముల నుంచి సరఫరా చేయడం, 2021 నుంచి బీపీ, షుగరు మందులను ఇంటికే చేర్చడం ఈ గొలుసును మొదట్లోనే తెంచే ప్రయత్నాలు.

7. తేలిన సంగతి

పన్నుల డబ్బు, బీమా చందా రెండూ పనిచేయగలవు. కానీ సిబ్బంది, మందులు, రవాణా ముందు లేనిచోట కార్డు కాగితంగానే మిగులుతుంది. చందా కట్టలేని అసంఘటిత కార్మికులు ఎక్కువగా ఉన్న దేశాల్లో పన్నుల డబ్బే నమ్మకమైన ఆధారం. థాయ్‌లాండ్, శ్రీలంక సంపన్న దేశాలయ్యాక అందరికీ వైద్యం అందించే పని మొదలుపెట్టలేదు. తెలుగు రాష్ట్రాలు కార్డు హద్దును పెంచాల్సినంత పెంచాయి. తర్వాతి రూపాయి వెళ్లవలసింది పీహెచ్‌సీ మందుల కౌంటరుకు.