జాతర డేరాలో సీసా

ఖిల్లా ఘణపూర్ కోట కింద జాతరో, పెళ్లో అయితే చుట్టాలకు మందు పెట్టాలని చాలామంది అనుకుంటారు. వైన్‌షాపులో సీసా కొని ఇంటికి తెచ్చుకోవచ్చు. అదే సీసాను డేరా కింద పెట్టి అమ్మితే మాత్రం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేని అమ్మకం ఎక్కడా చెల్లదు, ఊళ్లోని బెల్టుషాపుతో సహా. ఫంక్షన్‌హాలు విందులో మందు పోయాలంటే ముందే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు.

ఇక కల్లు. గీత కార్మికుడికీ, గీత సొసైటీకీ వేరే లైసెన్సులుంటాయి. నన్ను కలవరపెట్టేది అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లు. పాలమూరు జిల్లాల్లో అది ఎన్నో కుటుంబాలను ఆసుపత్రి పాలు చేసింది. చెట్టు కల్లులో ఆ మత్తుమందు ఉండదు.