నీటి అడుగున తోడు పరికరములు

1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు, నీటిలో మునిగినవానికి అతడు ఊపిరి పీల్చినప్పుడెల్ల తగిన ఒత్తిడితో గాలి నందించు సాధనమును రూపొందించిరి. అటుపిమ్మట వీపున గాలి సిలిండరుతో సముద్రములో మునుగుట వినోదముగా వ్యాపించినది. అండమాన్, లక్షద్వీపములయందే కాక మన విశాఖతీరమునను దీనిని నేర్పువారున్నారు. మీ యింటి యువకులెవరైన ఇట్టి విహారమునకు బయలుదేరుచున్నచో, వారి పరికరములను గూర్చి ముందుగా విచారించుట మంచిది.

నీటిలోనున్న మనిషి ఎల్లప్పుడును తెలిసికొనవలసినవి మూడు: ఎంత లోతున ఉన్నాడు, ఎంతసేపైనది, గాలి ఎంత మిగిలినది. సముద్రములో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డునున్నదానికి నాలుగు రెట్లు. సిలిండరులోని గాలియు నాలుగు రెట్లు వేగముగా తరుగును. పైగా, శ్వాసతో చేరిన నత్రజని శరీరమున కరగి నిలుచును. తొందరపడి పైకి వచ్చినచో అది బుడగలై కీళ్లను, వెన్నుపామును బాధించును. ఈ లెక్క తెలుపు పట్టికలను 1908లో ఇంగ్లండున హాల్డేన్, ఆయన సహచరులు ప్రకటించిరి. 1980 తరువాత ఆ లెక్కను తానే చేయు చిన్న కంప్యూటరు మునుగువారి ముంజేతికెక్కినది.

కొన్ని కంప్యూటర్లు సిలిండరు ఒత్తిడిని గూడ గొట్టము లేకయే గ్రహించి చూపును. ఇది సౌకర్యమే. కాని వాని బ్యాటరీ ఆగినచో మూడు ప్రశ్నలకును ఒక్కమారే జవాబు పోవును. కావున తోడు పరికరమును ఎన్నుకొనుటలో ముఖ్యసూత్రమిది: మొదటిదానిని చెరచు కారణము రెండవదానిని చెరపరాదు. గాలికి, రబ్బరు గొట్టపు కొసనుండు ముల్లు గేజి ఉత్తమము. 1849లో బూర్డాన్ పేటెంటు పొందిన వంపుగొట్టమే దాని ఆధారము. బ్యాటరీతో పని లేదు. లోతునకు, కాలమునకు రెండవ కంప్యూటరు తగును. అది ఖరీదైనది కానక్కరలేదు. అంకెలు మసక వెలుతురులో కనబడవలెను, వాడుక చేతికి అలవడి యుండవలెను.

అయితే దానిని సంచిలో దాచి, మొదటిది చెడినపిమ్మట కట్టుకొన్న ప్రయోజనము లేదు. ఉదయపు మునకలో చేరిన నత్రజని దానికి తెలియదు. అప్పుడే వచ్చిన మనిషియని యెంచి, ఉండదగిన కాలముకంటె ఎక్కువ చూపును. మొదటి మునకనుండి రెండును ఒంటిమీదనే ఉండవలెను. నడుమ మరొకరికి ఎరువిచ్చిన యంత్రము మీ లెక్క చెప్పజాలదు. రెండును వేర్వేరు అంకెలు చూపినచో, తక్కువ కాలము చూపుదానినే అనుసరింపవలెను.

ఉన్నది ఒక్కటే, అదియు చెడినచో జతగానికి సైగచేసి మునక చాలించవలెను. అతని యంత్రమును చూచుకొనుచు, నిమిషమునకు 9 మీటర్లు మించకుండ పైకి వచ్చుచు, 5 మీటర్లయొద్ద 3 నిమిషములు ఆగవలెను. పిమ్మట 24 గంటలు మునుగరాదు. సెలవులలో ఒక దినము పోయెనే యని యువకులకు తోచవచ్చును. తోడు పరికరము ధరించినవానికి ఆ దినము దక్కును. అయినను మొదటి యంత్రము చెడిన మునకను అతడును అంతటితో ముగించి, రెండవదాని సాయమున మెల్లగా పైకి రావలసినదే.